మా ముత్తాతగారి ‘విక్టోరియా పతకం’: ఇది నిజంగా ఏ పతకం?

అడిగినవారు: గోదావరి గట్టు

పెద్దలకు నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక చిన్న పల్లె. మాధవరంలాగా సైనిక గ్రామమని పేరు పడిన ఊరు కాదు గానీ, రెండు ప్రపంచ యుద్ధాలకూ మా ఊరి నుంచి కొందరు వెళ్ళారు. కిందటి నెల నాయనమ్మ సంవత్సరీకానికి అందరం కలిసినప్పుడు అటక మీది ట్రంకు పెట్టె దించాము. అందులో పాత దస్తావేజుల అడుగున, పసుపు గుడ్డలో మూట కట్టిన నాలుగు పతకాలు, ఒక విరిగిన ఇత్తడి బిళ్ళ కనిపించాయి.

మా ముత్తాతగారు జర్మనీ యుద్ధంలో, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇరాక్ వైపున్న బస్రా వెళ్ళి వచ్చారని, అక్కడ చూపిన సాహసానికి దొరలు ఆయనకు ‘విక్టోరియా పతకం’ ఇచ్చారని చిన్నప్పటి నుంచి వింటున్నాము. ఆ మాటకు ఈ మూటే రుజువని మా బాబాయి నమ్మకం. పేపరు వాళ్ళను పిలుద్దామని కూడా అంటున్నారు. ఆ పని చేసేముందు తెలిసినవారిని అడగడం మంచిదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది ముదురు గోధుమ రంగులో ఉన్న గుండ్రటి పతకం. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే అడ్డకొలత 36 మిల్లీమీటర్లు వచ్చింది. ఒకవైపు రెక్కలున్న స్త్రీ నిలబడి ఉంది, రెండోవైపు ఆకుల దండ మధ్య ‘ది గ్రేట్ వార్ ఫర్ సివిలైజేషన్ 1914-1919’ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఇంద్రధనుస్సు రంగుల రిబ్బను పీలిక ఒకటి ఇంకా కొంకికి వేలాడుతోంది. రెండోది ఆరు కోణాల నక్షత్రం; దాని మధ్య ‘ది బర్మా స్టార్’ అని స్పష్టంగా ఉంది. మూడోది, నాలుగోది తెల్లటి లోహంవి. ఒకదాని వెనుక రెండు తలల వింత జంతువు మీద నిలుచున్న సింహం, ఇంకొకదాని వెనుక అఖండ భారతదేశ పటం ఉన్నాయి. ఇత్తడి బిళ్ళకు ఎడమవైపు ముక్క విరిగిపోయింది. మిగిలిన భాగంలో ‘మద్రాస్’ అనీ, దాని కింద ‘ఎస్. అండ్ ఎమ్.’ అనీ ఉంది. వెనుక రెండు కొక్కీలున్నాయి.

ఇందులో బ్రిటిష్ వారి అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ ఉందా? ఇవన్నీ ఒక్కరివేనా? చింతపండుతో తోమి మెరిపించవచ్చా? డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు రెక్కల స్త్రీ ఉన్న పతకాన్ని తనతో తీసుకువెళతానంటున్నాడు, అందులో ఇబ్బంది ఏమైనా ఉందా? దయచేసి తెలియజేయండి.

సమాధానం 1: పాత నాణెం

మీ బాబాయిగారికి నచ్చని మాటతోనే మొదలుపెట్టవలసి వస్తోంది. మీరు వర్ణించినది విక్టోరియా క్రాస్ కాదు, విక్టరీ మెడల్. విక్టోరియా క్రాస్ పేరుకు తగ్గట్టే క్రాసు ఆకారంలో ఉంటుంది, దాని మీద సింహం, కిరీటం, ‘ఫర్ వాలర్’ అన్న మాటలు ఉంటాయి, రిబ్బను ముదురు ఎరుపు. భారతీయ సిపాయిలకు ఆ పతకం పొందే అర్హత వచ్చిందే 1911 చివరలో. మొదటగా అందుకున్నది 129వ బలూచీ పటాలానికి చెందిన ఖుదాదాద్ ఖాన్, 1914 అక్టోబరు 31న బెల్జియంలో జరిగిన పోరాటానికి. విక్టరీ మెడల్ సంగతి వేరు. యుద్ధరంగంలో అడుగుపెట్టిన పటాలాలలో పనిచేసినవారందరికీ దానిని ఇచ్చారు, బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తం మీద సుమారు 57 లక్షలు పంచారు. విక్టరీ అన్న మాట రెండు తరాలు చేతులు మారేసరికి విక్టోరియా కావడం నాకేమీ వింతగా తోచడం లేదు, పైగా మీ ముత్తాతగారి పటాలం పేరులోనే విక్టోరియా రాణి ఉండి ఉండవచ్చు. ఆ సంగతి కిందకు వస్తుంది.

ఇక అసలు పని. పతకాన్ని చేతిలోకి తీసుకున్నవారెవరైనా ముందు బొమ్మ చూస్తారు. బొమ్మ వల్ల తెలిసేది ఏ యుద్ధమన్నది మాత్రమే. మనిషి ఎవరన్నది అంచు చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచు మీద గ్రహీత నంబరు, హోదా, పేరు, పటాలం సన్నటి పెద్దక్షరాలతో అచ్చు గుద్దేవారు. రాత్రిపూట గదిలో దీపాలు ఆర్పి, ఫోను టార్చిని అంచుకు దాదాపు సమాంతరంగా పట్టి, పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ చూడండి. పై నుంచి పడే వెలుతురులో కనిపించని గుంటలు పక్క నుంచి వచ్చే వెలుతురులో నీడలై తేలుతాయి. అప్పటికీ కనిపించకపోతే పలుచని ట్రేసింగ్ కాగితాన్ని అంచుకు చుట్టి మెత్తటి పెన్సిలుతో నెమ్మదిగా రుద్దండి. జిడ్డు గీకడానికి పిన్నీసు, బ్లేడు వంటివి మాత్రం వాడకండి.

అక్కడ కనిపించే పొట్టి అక్షరాలకు కంగారు పడవద్దు. ‘ఎస్.పి.ఆర్.’ అంటే సాపర్, ‘ఎస్.ఇ.పి.’ అంటే సిపాయి, ‘ఎన్.కె.’ అంటే నాయక్, ‘డి.వి.ఆర్.’ అంటే డ్రైవర్. ఈ చివరిదాన్ని చూసి మోటారు నడిపాడని అనుకోనక్కరలేదు, కంచరగాడిదల బండి తోలినవారూ డ్రైవర్లే. పటాలం దగ్గర ‘2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎమ్.’ అని ఉంటే ‘రెండవ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్’ అని అర్థం. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్ల అప్పటి పేరు అదే. వంతెనలు కట్టడం, దారులు వేయడం, కందకాలు తవ్వడం, శత్రువు కట్టినవి పేల్చడం వారి పని.

ఇప్పుడు మూటలో లేనివాటి గురించి చెప్పాలి. విక్టరీ మెడల్‌ను ఒంటరిగా ఇవ్వలేదు. దానిని అందుకున్న ప్రతి సిపాయికీ బ్రిటిష్ వార్ మెడల్ కూడా వచ్చి ఉండాలి. అది వెండిది, ముందువైపు ఐదవ జార్జి తల, వెనుకవైపు గుర్రమెక్కిన దిగంబర పురుషుడు, గుర్రం డెక్కల కింద గద్ద బొమ్మ ఉన్న డాలు, పుర్రె, ఎముకలు ఉంటాయి. కూలీ దళాలలో పనిచేసిన కొందరికి అదే పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు గానీ సాపర్లకు రావలసింది వెండిదే. మీ మూటలో అది లేదంటే ఎవరో, ఎప్పుడో అమ్మి ఉంటారు, లేదా కరిగించి ఉంటారు. అది మన ఊళ్ళలోనే జరిగిన పని కాదు; 1980లో వెండి ధర ఆకాశాన్ని అంటినప్పుడు ఇంగ్లండులో కూడా ఎన్నో పతకాలు కొలిమి పాలయ్యాయి. ఇంకొకటి, 1914-15 స్టార్ అనే నాలుగు కోణాల కంచు పతకం కూడా మీ దగ్గర లేదు. అది పోయి ఉండవచ్చు. అసలు రాకపోయి ఉంటే, మీ ముత్తాతగారు 1915 డిసెంబరు 31 దాటిన తరువాతే యుద్ధరంగానికి చేరారని అర్థం. బస్రా నుంచి బాగ్దాదు వైపు సైన్యాన్ని పెద్ద ఎత్తున పెంచినది 1916లో కాబట్టి, ఇంట్లో చెప్పుకునే మాటతో అది పొసగుతుంది.

మిగిలిన మూడు పతకాలూ రెండవ ప్రపంచ యుద్ధానివి. బర్మా స్టార్‌కు లెక్కలోకి తీసుకున్న కాలం 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు. సింహం ఉన్నది 1939-45 వార్ మెడల్. 28 రోజుల సర్వీసు ఉన్నా దానికి చాలు. భారతదేశ పటం ఉన్నది ఇండియా సర్వీస్ మెడల్. దానికి యుద్ధేతర ప్రాంతంలో మూడేళ్ళ సర్వీసు కావాలి. 1917లో ఇరవై ఏళ్ళ యువకుడైన మనిషి 1943 నాటికి నలభై ఆరేళ్ళవాడవుతాడు. ఆ వయసులో మళ్ళీ సాపరుగా బర్మా అడవులకు వెళ్ళడం అసాధ్యమని అనను గానీ నమ్మడం కష్టం. ఒకే మూటలో రెండు తరాలవి కలిశాయని నా అనుమానం. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన రెండవ యుద్ధ పతకాల మీద పేర్లు ఉండవు, మన సైనికులవాటి మీద పేర్లు గుద్దే ఆచారం ఉండేది. కాబట్టి ఆ రెండింటి అంచులూ, నక్షత్రం వెనుక భాగమూ కూడా టార్చి పెట్టి చూడండి. అక్కడ ‘ఐ.ఇ.’ అని ఉంటే ఇండియన్ ఇంజనీర్స్ అని.

ఇత్తడి బిళ్ళ భుజం మీద ధరించేది. 1903లో అప్పటి భారత సర్వసైన్యాధిపతి కిచెనర్ సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ పటాలం పేరులోంచి ‘మద్రాస్’ అన్న మాట తొలగిపోయి, 1923లో మళ్ళీ చేరింది. మీ బిళ్ళ మీద ఆ మాట ఉన్నదంటే అది మొదటి యుద్ధం నాటిది అయ్యే అవకాశం బహు తక్కువ.

సమాధానం 2: విశ్రాంత తంబి

నేను బెంగళూరులో మద్రాసు ఇంజనీర్ గ్రూపులో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా వాళ్ళను తంబి అని పిలవడం సైన్యంలో అందరికీ తెలిసిన అలవాటే కాబట్టి ఆ పేరే పెట్టుకున్నాను. పై వారు చెప్పినదానికి కొద్దిగా కలుపుతాను.

అంచు మీద మీ ఇంటిపేరు కోసం వెతకకండి, ఉండదు. చాలాసార్లు ఒక్క పేరే ఉంటుంది. అది కూడా రాసుకున్న గుమాస్తా చెవికి వినిపించినట్టు ఉంటుంది, బెంగళూరు, మద్రాసు గుమాస్తాల చేతిలో మన స్వామి ‘సామి’ అవుతాడు, మన అయ్య ‘అయ్యా’ అవుతాడు. ఒకే పేరు గల సాపర్లు ఒక కంపెనీలోనే నలుగురు ఉండేవారు. అందువల్ల పేరు కలిసింది కదా అని సంతోషపడి ఆగిపోవద్దు. ముఖ్యమైనది ఆ ముందున్న నంబరు. అందులో ఒక్క అంకె తప్పు చదివినా వేరొకరి చరిత్ర మీ ఇంటికి వస్తుంది.

నంబరు, పేరు, హోదా, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా పేర్లతో బెంగళూరులోని మద్రాసు ఇంజనీర్ గ్రూపు రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయండి. మీ ఊరు అప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. పాత కాగితాలలో జిల్లా పేరు తేడాగా కనిపిస్తే తప్పు మనిషని పక్కన పెట్టేయకండి. మొదటి యుద్ధం నాటి వివరాల కన్నా రెండవ యుద్ధం నాటివి దొరికే ఆశ ఎక్కువ. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైటులో వెతికి పేరు లేదని నిరాశ పడేవారిని చూశాను. అందులో ఉండేది మరణించినవారు మాత్రమే. మీ ముత్తాతగారు క్షేమంగా తిరిగి వచ్చారు కాబట్టి ఆయన పేరు అక్కడ ఉండకూడదు. లండన్ క్యూ (Kew)‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న పతకాల కార్డులు కూడా ప్రధానంగా బ్రిటిష్ సైన్యానివి. మన సిపాయిలలో అత్యధికుల పేర్లు వాటిలో లేవు. పటాలాల యుద్ధ దినచర్యలు మాత్రం అక్కడ ఉన్నాయి, కంపెనీ నంబరు తెలిస్తే అవి పనికివస్తాయి.

అన్నిటికన్నా ముందు ఆ ట్రంకు పెట్టెలోని దస్తావేజులను మళ్ళీ ఒక్కొక్కటిగా విప్పి చూడండి. పొలం కాగితాల మధ్య మడత పెట్టిన డిశ్చార్జి సర్టిఫికెట్టో, పింఛను పుస్తకమో దొరికితే సగం పని అయినట్టే. అలాగే మీ ఊరి చావడి గోడకు గానీ పాత బడి గోడకు గానీ, ఈ గ్రామం నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని చెక్కిన పాలరాతి పలక ఉందేమో చూడండి. అటువంటివి దేశమంతటా చాలా ఊళ్ళలో పెట్టారు, సున్నం మీద సున్నం కొట్టి కొన్నిచోట్ల కనిపించకుండా చేశారు.

సమాధానం 3: జుమ్మేరాత్ బేరగాడు

హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఇరవై ఏళ్ళుగా ఇటువంటివి ఏరుకుంటున్నాను. మీవి పెట్టెలోంచి వచ్చినవి కాబట్టి నకిలీ అన్న భయం లేదు, అయినా ఈ చర్చ చదివి కొనడానికి బయలుదేరేవారి కోసం ఒక మాట. కొత్తలో నేను ఒక వ్యాపారి దగ్గర వెండి వార్ మెడల్ కొన్నాను. అంచు మీద హైదరాబాదు లాన్సర్ల (అశ్వదళం) పేరు ఉండటంతో బేరం కూడా సరిగా చేయలేదు. ఇంటికి వచ్చి కొలిస్తే 36 మిల్లీమీటర్లు ఉండవలసినది అర మిల్లీమీటరు తక్కువ వచ్చింది. అసలు పేరును ఆకురాయితో అరగదీసి, గిరాకీ ఉన్న పటాలం పేరు ఉలితో చెక్కారు. అచ్చు గుద్దిన అక్షరానికి లోతు అంతటా ఒకేలా ఉంటుంది. చెక్కిన గీత మొదట సన్నగా దిగి మధ్యలో లావెక్కుతుంది. భూతద్దంలో ఒకసారి ఈ తేడా చూసినవాడు మళ్ళీ మోసపోడు. బ్యాడ్జీల విషయంలో మాత్రం మొరటుగా ఉన్నంత మాత్రాన నకిలీ అనకండి, మన పటాలాలకు కావలసినవి చాలావరకు కంటోన్మెంటు బజారు పనివాళ్ళే పోతపోసి ఇచ్చేవారు. నిజాము దస్తారు (తలపాగా) గుర్తున్న సంస్థానపు బిళ్ళలలో కూడా ఒకదానికొకటి పోలిక లేనివి నా దగ్గరే అరడజను ఉన్నాయి.

చింతపండు మాట మరచిపోండి. పులుపు కంచును తింటుంది, ఒక దసరాకు తోమితే మెరుస్తుంది, పది దసరాలకు అంచు మీది పేరు పోతుంది. పొడి మెత్తటి నూలు గుడ్డతో దుమ్ము తుడిచి వదిలేయండి. పీలికైనా ఆ రిబ్బను తీసి కొత్తది కట్టవద్దు. మెత్తటి ప్లాస్టిక్ సంచులు రాగి కలిసిన లోహాలకు పచ్చటి చిలుము పట్టిస్తాయి, రబ్బరు బ్యాండ్లు వెండిని నల్లబరుస్తాయి. మీ నాయనమ్మగారు కట్టిన గుడ్డ మూట వీటన్నిటికన్నా మేలు, అది పసుపు అద్దినది కాకుండా ఉతికిన తెల్ల గుడ్డ అయితే చాలు.

మీ తమ్ముడిగారి విషయంలో తొందర పడవద్దు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాముఖ్యం ఉండి నూరేళ్ళు నిండిన వస్తువు పురావస్తువే అవుతుంది. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మొదటి యుద్ధం పతకాలకు ఆ నూరేళ్ళూ నిండాయి, లేదా నిండుతున్నాయి. విమానాశ్రయంలో వాదించే కన్నా ముందుగానే పురావస్తు సర్వే శాఖవారిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

అడిగినవారు: గోదావరి గట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కరెంటు పోయింది, అదే అదనుగా టార్చి పెట్టి చూశాము. రెక్కల స్త్రీ ఉన్న పతకం అంచు మీద నాలుగంకెల నంబరు, ‘ఎస్.పి.ఆర్.’, ఆ తరువాత మా ముత్తాతగారి పేరు, విశ్రాంత తంబిగారు చెప్పినట్టే చివర స్వామి బదులు సామితో, ఆపైన ‘2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎమ్.’ కనిపించాయి. నంబరులో రెండో అంకె 3 అని నేను, 8 అని మా బాబాయి. పెన్సిలుతో రుద్దినా తేలలేదు, ఎడమవైపు గీత ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

సింహం ఉన్నదాని మీద, పటం ఉన్నదాని మీద, నక్షత్రం వెనుక ఉన్న పేరు మా చిన్నతాతగారిది, అంటే ముత్తాతగారి రెండో అబ్బాయిది. మూడింటి మీదా ఒకే నంబరు, చివర ‘ఐ.ఇ.’ అని ఉన్నాయి. ఆయన పెళ్ళి కాకుండానే పోవడంతో ఆయన వస్తువులు నాయనమ్మ పెట్టెలో చేరినట్టున్నాయి. బర్మా నుంచి ఆయన నడిచి వచ్చాడని ఇంట్లో ఒక మాట ఉండేది గానీ, ఆ నడకను కూడా మేము ఇంతకాలం ముత్తాతగారి ఖాతాలోనే వేశాము.

వెండి పతకం సంగతి మా మేనత్తకు గుర్తుంది. ఎనభై రెండేళ్ళ మనిషి. నేను ఏమీ చెప్పకముందే, గుర్రం మీద మొలకు గుడ్డైనా లేని మగవాడు, కింద పుర్రె ఉన్న బిళ్ళ ఒకటి తన చిన్నతనంలో దేవుడి గూటి పక్కన ఉండేదని చెప్పింది. పుర్రె బొమ్మ ఉన్న వస్తువు ఇంట్లో ఉంటే అరిష్టమని ఎవరో అనడంతో నాయనమ్మ దాన్ని కంసాలికిచ్చి, ఇంకొంచెం వెండి కలిపి, మేనత్తకు కాళ్ళ కడియాలు చేయించిందట. ఆ కడియాలు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగితే, పెద్ద మనవరాలి పెళ్ళికి ఇచ్చేశానని చెప్పింది.

విక్టోరియా క్రాస్ కాదని తెలిసి బాబాయి ఒక పూట ముభావంగా ఉన్నారు గానీ, పేపరు వాళ్ళ ఆలోచన మానుకున్నారు. బెంగళూరు రికార్డు ఆఫీసుకు ఉత్తరం సిద్ధం చేశాము. అంకె తేలలేదు కాబట్టి 3తో ఒకటి, 8తో ఒకటి రెండు నంబర్లూ అందులో రాశాము. చిన్నతాతగారికి వేరే ఉత్తరం. దస్తావేజులు సగం వరకే చూశాము. చెదలు పట్టిన కట్ట ఒకటి మిగిలి ఉంది, దాన్ని విప్పడానికి వచ్చే ఆదివారం మళ్ళీ ఊరు వెళుతున్నాను.